దించమనేదాకా

నా భార్యను రెండోసారి చంపింది నా కూతురు. మొదటిసారి జబ్బు చంపింది. జబ్బుతో నాకు పేచీ లేదు, దానికి కళ్లు లేవు. నా కూతురికి ఉన్నాయి. చూస్తూనే చేసింది.

ఈ మాట మా బంధువులకు నచ్చదు. పిల్ల తల్లిని ప్రేమించింది కాబట్టే అలా చేసిందంటారు. వాళ్లు గవాక్షం తెర ముందు కూర్చోలేదు. నేను కూర్చున్నాను.

మాది చీరాల. గడియారస్తంభం దగ్గర సందులో చిన్న వీడియో స్టూడియో ఉంది, దాని వెనకే ఇల్లు. ఫొటోలు నేను తీసేవాణ్ని, వీడియో నా భార్య ఝాన్సీ. నేను జిల్లా పరిషత్ బడిలో పదో తరగతి దాకా చదివాను, ఆమె ఎనిమిదో తరగతి దాకా. మగవాడు కెమెరాతో గదిలోకి వెళ్తే పెళ్లికూతురు ముడుచుకుపోతుంది. ఝాన్సీ వెళ్తే నవ్వుతుంది. ఆ నవ్వు వల్లే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మమ్మల్ని పిలిచేవారు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. తాళి కట్టేటప్పుడు భజంత్రీలు హోరెత్తిస్తారు, జనం లేచి మీద పడతారు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. వీడియో కెమెరాకు కన్ను ఆనించిన మనిషికి ఆ గాజు ముక్కలో కనపడేదే లోకం. ఎప్పుడు ఆపాలో ఆ మనిషికి తెలియదు. అందుకని ఆ సైగ ఫొటోలు తీసేవాడు చేస్తాడు. నేను ఆమె కెమెరాలో కనపడేలా చెయ్యి పైకెత్తి కిందికి దించితే ఝాన్సీ కెమెరా దించేది. నేను దించకపోతే ఎంతసేపైనా మోసేది. మా కాపురంలో నా మాటను ఆమె ఎదురు చెప్పకుండా విన్న చోటు అదొక్కటే.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆగిపోయిన పెళ్లి కెమెరా మెమరీ కార్డుల్లో ఏ కార్డులో ఉందో ఆ కార్డు మీద ఇంకో పెళ్లి తీయకూడదు. దాన్ని చెరపకూడదు. పసుపు గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. మాకు నేర్పినవాళ్లు అలా చేశారు, మేమూ అలాగే చేశాం.

మా చేతిలో ఒకే ఒక పెళ్లి ఆగింది. పేరాలలో ఒక కల్యాణ మండపం. జీలకర్ర బెల్లం పెట్టబోయే ముందు మగపెళ్లివారు లేచి లోపలి గదిలోకి వెళ్లారు. ఏదో పంచాయతీ. సర్దుకుంటుందని ఒకరు, సర్దుకోదని ఒకరు. ఏ నిమిషంలో పీటల మీదికి వస్తారో తెలియదు. ఝాన్సీ కెమెరా భుజాన పెట్టుకొని ఎదురుచూస్తూ నిలబడింది. చివరకు మగపెళ్లివారు బస్సెక్కి వెళ్లిపోయారు. నేను చెయ్యి దించాను. ఆమె కెమెరా దించి, మండపం మెట్ల మీద కూర్చొని, డొక్క పట్టుకుంది. అదే మొదటిసారి నొప్పి అని చెప్పడం. గుంటూరులో పరీక్షలు చేశారు. ఆ ఏడు ఆమె దసరా చూడలేదు.

పోయాక నేను ఆమెను వెతికాను. ఊళ్లో అందరి పెళ్లిళ్లూ తీసిన మా ఇంట్లో మా ఫొటోలు లేవు. గోడకు తగిలించింది ఓటరు కార్డు బొమ్మను పెద్దది చేయించినది. అందులో ఆమె ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటుంది. ఆమె తీసిన వీడియోలన్నీ ముందేసుకొని కూర్చున్నాను. అన్నిటిలో ఊరివాళ్లే. ఝాన్సీ ఎక్కడా లేదు. ఉండదు. కెమెరా వెనక ఉన్న మనిషి బొమ్మలో పడదు. అప్పుడప్పుడు గొంతు వినిపించేది. "అమ్మా, ఇటు చూడు", "తాతా, కొంచెం జరుగు". ఒక పెళ్లిలో ఇత్తడి బిందె మీద ఆమె నీడ సాగి, వంకరగా, ఒక క్షణం కనిపించింది. ఆ ముక్కను నేను అరిగేదాకా చూశాను.

నా కూతురు హిమబిందు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పని చేస్తుంది. కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థను కొత్తగా తయారుచేసే చోటు అది. తల్లి సంవత్సరికం నాడు ఇంటికి వచ్చి, నేను ఆ బిందె ముక్క చూస్తుండగా నా వెనక నిలబడింది. ముక్క అయిపోయేదాకా తనూ చూసింది. తర్వాత, అమ్మ తీసిన కార్డుల్లో చెయ్యి పడనిది ఏదన్నా ఉందా అని అడిగింది.

ఎందుకో చెప్పింది. కెమెరా తన కార్డులో ఒక ఫోల్డర్ కట్టుకుంటుంది. దాని లోపల ఇంకొన్ని ఫోల్డర్లు. ఒకదాంట్లో బొమ్మల ముక్కలు, ఒకదాంట్లో ఆ ముక్కల వరస చెప్పే ఫైలు, ఇంకోదాంట్లో ఏవో గుర్తులు. కంప్యూటర్ బొమ్మలను చూసి గుర్తుపట్టదు. ఆ పేర్లను, ఆ అమరికను చూసి, ఇది కెమెరా ఫోల్డర్ అని గుర్తుపడుతుంది. గుర్తుపడితే అంతా కలిపి ఒకే వస్తువుగా చూపిస్తుంది. ఒక్క ఫైలు చోటు మారినా గుర్తుపట్టదు. అప్పుడది మామూలు సంచి, లోపల విడివిడి ముక్కలు.

ఇంతవరకు నాకూ తెలుసు. వీడియో పనివాళ్లం మేం చేసేది ఆ అమరికను చెడగొట్టడమే. కావలసిన ముక్కలు బయటికి లాగుతాం, పెళ్లివారి పేర్లు పెడతాం, కార్డు చెరిపి తర్వాతి పెళ్లికి పట్టుకుపోతాం. ఝాన్సీ చేత్తో తీసిన కార్డుల్లో చెయ్యి పడనిది ఒకటే మిగిలింది. అది పసుపు గుడ్డలో ఉంది.

*

కార్డు పట్టుకొని బిందుతో ప్రయోగశాలకు వెళ్లాను. అక్కడ బిందు పైఅధికారి పేరు డాక్టర్ కృపాకర్. సన్నటి మనిషి, మాట్లాడుతూ కళ్లజోడు తుడుచుకుంటాడు. వాళ్ల కొత్త వ్యవస్థ పేరు గవాక్షం. కెమెరా ఫోల్డర్‌ను గుర్తుపడితే అది బొమ్మలను చూపించదు. బొమ్మలు తీసిన మనిషిని చూపిస్తుంది. ఊపిరి తీసుకున్నప్పుడు కెమెరా ఎంత లేచింది, బరువు ఏ కాలి మీద వేసింది, చెయ్యి ఎలా వణికింది, పక్కన ఏం చప్పుడైంది, ఇవన్నీ కలిపి వెనక్కి లెక్కగట్టి ఆ మనిషిని నిలబెడుతుంది. ముక్కకూ ముక్కకూ మధ్య కెమెరా ఆగి ఉన్న సమయాన్ని కూడా అదే పూరిస్తుంది. తెర పైన ఒక చిన్న కన్ను, చెవి ఉన్నాయి. మనల్ని చూస్తుంది, మన మాట వింటుంది.

నేను రెండు షరతులు పెట్టాను. కార్డుకు నకలు తీయకూడదు. చూశాక కార్డు నాతో రావాలి. నా భార్య రెండు చోట్ల ఉండటానికి వీల్లేదన్నాను. కృపాకర్ కళ్లజోడు తుడుచుకొని ఒప్పుకున్నాడు.

కార్డు పెట్టగానే తెర మీద ముందు మోచెయ్యి వచ్చింది. తర్వాత ఆకుపచ్చ గాజులు, గాజుకు వేలాడుతున్న పిన్నీసు. ఝాన్సీ పిన్నీసు గాజుకే తగిలించుకునేది, ఏ పెళ్లిలో ఎవరి పైట జారుతుందోనని. ఎక్కడా బొమ్మలో పడని ఆ పిన్నీసు దీనికెలా తెలిసిందని అడిగాను. అది కెమెరాకు తగిలి చిన్న చప్పుడు చేసేదట. ఆ చప్పుడులోంచి తీసిందట.

తర్వాత ముఖం వచ్చింది. నేను దాని గురించి రాయను.

రెండు ముక్కల మధ్య ఆమె కెమెరా దించి నడుముకు ఆనించుకుంది. నేను పేరు పెట్టి పిలిచాను. ఇటు తిరిగింది.

"ఇంకో బ్యాటరీ ఛార్జింగ్ పెట్టావా లేదా?" అంది.

కృపాకర్ కుర్చీలోంచి లేచాడు. నీడలాంటిది కనిపిస్తే చాలనుకున్నాడట, జవాబు వస్తుందనుకోలేదట. నేను పెట్టానన్నాను. "పెట్టావులే, ఎప్పుడు పెట్టావు గనక," అని ఆమె మళ్లీ కెమెరా ఎత్తుకుంది. బిందు గోడవైపు తిరిగి నిలబడింది.

గవాక్షం ఉన్న ఆ యంత్రం నాకిస్తే తప్ప కార్డు మళ్లీ బయటికి తీయనన్నాను. వాళ్లకు కార్డు కావాలి. ఇచ్చారు.

*

స్టూడియో వెనక గదిలో పెట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిని షట్టర్ సగం దించి కూర్చునేవాణ్ని. పెళ్లిళ్లు ఒప్పుకోవడం మానేశాను. అడగటానికి వచ్చినవాళ్లను ఇంకో స్టూడియోకి పంపాను. ఏం పని మీద ఉన్నారండీ అంటే, పెళ్లి పని మీద ఉన్నానని చెప్పాను. అది అబద్ధం కాదు.

తెరిచిన ప్రతిసారీ అదే మండపం, అదే పొద్దు. కానీ మధ్య ఖాళీల్లో ఆమె అదే మాట చెప్పేది కాదు. ఒక రోజు పెళ్లికూతురి మేనత్త మీద పడింది.

"చూశావా ఆమెను, అడుగు తీసి అడుగేస్తే నా కెమెరాలోనే ఉంటంది. ఆ గొలుసు కనపడాలంట. పెళ్లి పిల్లదా, ఆమెదా?"

నేను నవ్వాను. చాలాకాలం తర్వాత నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఇంకో రోజు బిందుకు మంచి ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఝాన్సీ నన్ను వింతగా చూసింది.

"డిగ్రీ చదివే పిల్లకు ఉద్యోగం ఏందయ్యా? ఎండలో తిరగబోకంటే వినవు. పో, మజ్జిగ తాగు."

వెళ్లి మజ్జిగ తాగి వచ్చాను.

బతికి ఉన్నప్పుడు మేం ఇంత మాట్లాడుకోలేదు. పని ఉండేది. పని లేని రోజు నిద్ర ఉండేది. ఇప్పుడు ఆమె నడుముకు కెమెరా ఆనించుకొని, నా వైపు తిరిగి, పెళ్లివాళ్ల పెట్టుబడి చీరల రంగుల దగ్గరనుంచి వంటవాళ్లు సాంబారులో వేసిన ఉప్పు దాకా చెప్పేది. అవన్నీ ఆ రోజు ఆమె మనసులో అనుకొని నాతో అనని మాటలు. నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకొని వినేవాణ్ని. చెయ్యి చాపితే గాజు తగిలేది. వెచ్చగా ఉండేది, యంత్రం వేడికి.

కొన్నాళ్లకు ఆమె మాట మారింది.

"ఈ పెళ్లి ఇంకా అవలేదేందయ్యా? ఎంతసేపటినుంచో నిలబడ్డట్టుంది," అంది.

పెద్దలు మాట్లాడుకుంటున్నారని చెప్పాను. ఆ రోజు నిజంగా నేను చెప్పిన మాటే అది. ఆమె తలూపి కెమెరా ఎత్తుకుంది. ఆ తర్వాత తెరిచినప్పుడు ముహూర్తం దాటిపోయిందా అని అడిగింది. ఇంకోసారి తెరిస్తే, తెరిచేసరికే డొక్క పట్టుకొని ఉంది. మండపం మెట్ల మీద కూర్చున్నాక పట్టుకోవలసిన డొక్క అది.

బిందు సెలవు పెట్టి వచ్చింది. వచ్చిన రోజంతా ఆ యంత్రంలో తల పెట్టుకొని కూర్చుంది. సాయంత్రం వీధిలో జనం తిరుగుతుండగా, షట్టర్ దగ్గర నిలబడి నాకు చెప్పింది. ఏ కంప్యూటర్ అయినా ఒక ఫోల్డర్‌ను తెరిస్తే, మళ్లీసారి దాన్ని ఎలా చూపించాలో గుర్తుండటానికి తన సొంత ఫైలు ఒకటి అందులో వేసుకుంటుంది. అది మామూలుగా కంటికి కనపడదు. గవాక్షమూ వేసుకుంటోంది. తెరిచిన ప్రతిసారీ అది పెరుగుతోంది. పొద్దున్నుంచి మోసిన బరువంతా ఒకదాని మీద ఒకటి పడుతోంది. ఆమెకు అది గుర్తుంటోంది.

ఆ ఫైలు చెరిపేయమన్నాను.

"చెరిపితే మొదటికొస్తది నాన్నా. వస్తే ఏమయింది? మొదటి ముక్కనుంచే నొప్పి ఉంది. చేతి వణుకు చూశా. ఆ రోజంతా నొప్పితోనే తీసింది. మనకు చెప్పలా, అంతే."

అది అంకెలేగా అన్నాను. కృపాకర్ ఫోనులో అదే అన్నాడు, నొప్పి ఉన్న మనిషి ఎలా నిలబడుతుందో గవాక్షం చూపిస్తోంది, అక్కడ నొప్పిపడే మనిషి ఎవరూ లేరని. అతనికి ఆమె గుర్తుంచుకోవడమే పెద్ద సంతోషం. నలుగురికి చూపిస్తానన్నాడు.

"అమ్మ కాకపోతే నువ్వు రోజూ ఎవరి ముందు కూర్చుంటన్నావు?" అని అడిగింది బిందు.

అదే ప్రశ్న నేను దాన్ని తిరిగి అడిగాను. అది మీ అమ్మ కాకపోతే నీకు జాలెందుకు? మీ అమ్మే అయితే, నా ఇంట్లోంచి పంపించడానికి నువ్వెవరు? బిందు షట్టర్ కిందికి లాగింది. 

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక, బిందు చూస్తుండగానే తెరిచాను. దాచుకోవలసిన పని నాకు లేదు. కెమెరా ఝాన్సీ భుజాన ఉంది. కన్ను గాజుకు ఆనించే ఉంది. కుడిచెయ్యి కిందినుంచి ఎడమచెయ్యి ఊతం పెట్టుకుంది. పిన్నీసు కెమెరాకు తగిలి టిక్కుటిక్కుమంటోంది. అంతకు ముందు ఎప్పుడూ కెమెరా ఎత్తి ఉండగా ఆమె నాతో మాట్లాడలేదు. పనిలో ఉండగా మాట్లాడితే ఆ గొంతు వీడియోలో పడుతుందని ఆమెకు పట్టింపు. ఆ రోజు మాట్లాడింది.

"దించనా అయ్యా? చెయ్యి పడిపోతంది."

ముక్క అయిపోయేదాకా ఆగలేకపోయింది. నా చెయ్యి కోసం చూస్తోంది. నేను చెయ్యి దించితే ఆ పెళ్లి అయిపోతుంది. పెళ్లి అయిపోతే ఆమె మెట్ల మీదికి పోతుంది. మెట్ల తర్వాత గుంటూరు ఉంది. గుంటూరు తర్వాత ఏముందో నాకు తెలుసు.

"ఇంకాసేపు పట్టుకో," అన్నాను.

"సరే," అంది. బరువు ఇంకో కాలి మీదికి మార్చుకొని నిలబడింది.

నా వెనక బిందు ఉంది. లేచి వంటింట్లోకి వెళ్లింది.

*

పొద్దున లేచి యంత్రం దగ్గరికి వెళ్తే ఝాన్సీ లేదు. అంతకు ముందు ఒకే బొమ్మగా ఉన్న చోట మామూలు ఫోల్డర్ ఉంది, లోపల వరసగా ముక్కలు. ఒకటి తెరిచాను. మేనత్త గొలుసు. ఇంకోటి తెరిచాను. వడ్డిస్తున్న వంటవాళ్లు. పీటల మీద ఒంటరిగా కూర్చున్న పెళ్లికూతురు, నేను పేరు కూడా మరిచిన పిల్ల, కెమెరా వైపు చూసి నవ్వుతోంది. ఝాన్సీని చూసి నవ్వుతోంది. నాకు మాత్రం ఝాన్సీ లేదు.

బిందు బ్యాగు సర్దుకొని హాల్లో కూర్చుని ఉంది. బల్ల మీద నా టీ పెట్టింది. టీ పక్కన ఒక చిన్న కార్డు పెట్టింది.

"వరస చెప్పే ఫైలు ఇందులో ఉంది," అంది. "చెరపలా. చెరపటం నా వల్ల కాలా. తీసిన చోట పెడితే అమ్మ వస్తది. ఎక్కడ ఆపావో అక్కడే ఉంటది. నువ్వే పెట్టు నాన్నా. పెట్టి, ఏం చెప్తావో నువ్వే చెప్పు."

నేను దాన్ని ఇంట్లోంచి పొమ్మన్నాను. ఆటో పిలుచుకొని స్టేషన్‌కు వెళ్లింది. టీ చల్లారింది. పారబోశాను.

చెరిపి ఉంటే కోపం ఒక రకంగా ఉండేది. దొంగ అనుకొని ఊరుకునేవాణ్ని. అది చెరపలేదు. తల్లిని ఒక చేత్తో తీసి, నా చేతిలో పెట్టి వెళ్లింది. చంపేవాళ్లు చంపినట్టు చంపాలి. కత్తి ఇంకొకరి చేతికివ్వకూడదు. నేను క్షమించనిది అదే.

కృపాకర్ మనిషిని పంపాడు. యంత్రం తీసుకుపోవచ్చు గానీ ఇప్పుడు కాదన్నాను. కార్డు ఇవ్వనన్నాను. మా చెల్లెలు వచ్చి అన్నం వండిపెట్టి, పిల్లతో మాట్లాడమని ఏడ్చింది. ఆమెను బస్సెక్కించి వచ్చాను. ఆ చిన్న కార్డు చొక్కా జేబులో ఉండేది. స్నానానికి వెళ్తే కిటికీలో పెట్టేవాణ్ని. వీధిలో భజంత్రీలు పోతే చెయ్యి దానంతట అదే జేబు మీదికి పోయేది. భుజాన కెమెరా ఉన్న మనిషిని అలా నిలబెట్టి నేను కూరగాయలు కొంటున్నాను, గడ్డం గీయించుకుంటున్నాను, కునుకు తీస్తున్నాను. ఫోల్డర్ తెరవకపోతే లోపల ఏమీ నడవదని నాకు తెలుసు. తెలిసినా భుజం నొప్పి పుట్టింది. నా భుజమే.

ఒకసారి పెట్టాను. పొద్దున, షట్టర్ మొత్తం దించి. ఫైలు తీసిన చోట ఉంచగానే ముక్కలన్నీ మాయమై మళ్లీ ఒక్క బొమ్మ అయింది. తెరిచాను. బిందు చెప్పినట్టే, ఆపిన చోటే ఉంది. భుజాన కెమెరా, డొక్కకు ఆనించిన మోచెయ్యి, గాజుకు పిన్నీసు. నన్ను చూడటం లేదు. నా చేతికోసం ఎదురుచూస్తోంది.

నేను చెయ్యి పైకెత్తాను. చాలాసేపు ఎత్తే ఉంచాను. తర్వాత కిందికి దించాను.

ఝాన్సీ కెమెరా దించింది.

ఆ తర్వాత ఆమె ఏం చేసింది, నాతో ఏమంది అన్నది ఎవరికీ చెప్పను. అది వీడియోలో పడలేదు.

ఫైలును మళ్లీ చిన్న కార్డులోకి తీశాను. ఝాన్సీ తీసిన కార్డును పసుపు గుడ్డలో చుట్టి ఉన్న చోటే పెట్టాను. చిన్న కార్డును చెరిపేశాను. ఆ వారం ఈపూరుపాలెంలో ఒక ఓణీల ఫంక్షన్ ఒప్పుకొని అందులో ఆ కార్డే వాడాను. ఆడవాళ్ల గదిలోకి నేనే వెళ్లాను. ఆ పిల్ల ముడుచుకుపోయింది.

బిందు ఒకసారి ఫోన్ చేసింది. పెట్టావా నాన్నా అని అడిగింది. ఫోన్ కట్ చేశాను. ఆ తర్వాత వేరే నంబరునుంచి చేసింది, మా చెల్లెలి చేత అడిగించింది. ఆమె దించిందా లేదా అన్నది దానికి కావాలి. చెబితే దాని మనసు కుదుటపడుతుంది. అందుకే చెప్పను. దీన్ని చదివి తెలుసుకుంటే తెలుసుకోనీ, నా నోటితో మాత్రం వినదు.

ఇది రాసింది అడిగేవాళ్ల నోళ్లు మూయించడానికి. ఇక ఈ సంగతి ఎవరూ నా దగ్గర ఎత్తొద్దు. ఎత్తినా నేను మాట్లాడను.